పొగలోని ప్రాణవాయువు: ఒక ఇంధన పట్టిక సవరణ

ధూమాన్ని చూచి వహ్నిని అనుమానించడం తర్కశాస్త్రంలో మొదటి పాఠం. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉన్నదని నిశ్చయించవచ్చును. దీనినే తిరగవేసి, నిప్పు ఉన్నది గనుక పొగ ఉండి తీరుతుందని అంటే మాత్రం ఆ అనుమానం చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. పొగ పుట్టడానికి నిప్పుతో పాటు తడి కట్టె కూడా కావాలి. ఈ తడి కట్టెనే నైయాయికులు ‘ఆర్ద్రేంధన సంయోగం’ అన్నారు. అనుమానం లోపల ఎవరికీ చెప్పకుండా దాగి ఉండే ఇటువంటి నిబంధనకు ‘ఉపాధి’ అని పేరు పెట్టారు. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో గ్రహించిన ఉదాహరణ కూడా ఇదే. వేదాంతంలో ఉపాధి శబ్దానికి వేరే వ్యవహారం ఉన్నది. నేనిక్కడ తార్కికుల ఉపాధిని గురించే మాట్లాడుతున్నాను.

ఒక పాత కారు ఇంజనుకు ఇంధన పట్టికను సరిచేస్తూ గడిపిన రెండు నెలలలో ఈ మాటను నేను తలచుకున్నన్ని సార్లు, ఇన్నేళ్ళ గ్రంథపఠనంలో ఎన్నడూ తలచుకోలేదు. ఆర్ద్రేంధనం అక్కడ అక్షరాలా ఇంధనమే కావడం యాదృచ్ఛికం కావచ్చును. విషయం మాత్రం యాదృచ్ఛికం కాదు.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ పరిసరాలలో, కార్ల పరిశ్రమను ఆశ్రయించి జీవిస్తున్న తెలుగువారు అనేకులు. నేనూ ఆ వృత్తిలోనే తల నెరసినవాడిని. తమ్ముని వంటి మిత్రుడొకరు మా ఊరిలోనే ఉన్నారు. ఆయన గ్యారేజీలో 1991 నాటి షెవర్లే కెమారో ఒకటి ఉన్నది. 5.0 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఆయన భార్య కారు నడపడం నేర్చుకున్నది దానిలోనే. ఆవిడ గతించి నాలుగేళ్ళయింది. డ్యాష్‌బోర్డు మీద ఆవిడ ఏదో ఒక దసరాకు పెట్టిన కుంకుమ బొట్టు ఎండకు వెలిసి లేత గులాబి మరకగా మిగిలి ఉన్నది. దానిని ఎవరూ తుడవలేదు. ఈ వసంతంలో వారి అమ్మాయికి డెన్వర్‌లో ఉద్యోగం వచ్చింది. అమ్మ కారు నేనే తీసుకొని వెళ్తానన్నది.

“అన్నగారూ, అంత దూరం పోతుందా ఇది? పోయినా, ఆ కొండలు ఎక్కుతుందా? మీరొకసారి చూడండి. మీరు వద్దంటే అమ్మేస్తాను, దానికి నేనే ఏదో సర్ది చెప్పుకుంటాను” అన్నారు ఆయన.

ఊరిలో నడిపితే ఆ బండికి ఏ లోపమూ కనిపించదు. మెత్తగా కదులుతుంది, చక్కగా నిలుస్తుంది. నాకు సందేహం కలిగించినది ఈ లోపరాహిత్యమే. ఎందుకో చెప్పాలంటే ఆ ఇంజను తన శ్వాసను ఎలా లెక్కించుకుంటుందో ముందు చెప్పాలి.

1985 నుండి 1989 వరకు ఈ జాతి ఇంజన్లలో లోనికి వచ్చే గాలిని ఒక వేడి తీగ సాయంతో నేరుగా తూచేవారు. 1990లో ఆ పరికరాన్ని తొలగించారు. దాని స్థానంలో మూడు విషయాలను కొలిచి గాలిని లెక్కించే పద్ధతి వచ్చింది: ఇన్‌టేక్ మ్యానిఫోల్డులోని పీడనం, గాలి ఉష్ణోగ్రత, ఇంజను వేగం. అంటే అది ప్రత్యక్షం, ఇది అనుమానం. అయితే ఈ మూడూ తెలిసినంత మాత్రాన సిలిండర్‌లోకి ఎంత గాలి చేరిందో తెలియదు. వాల్వు తెరుచుకొని ఉండే కాలం, గొట్టాల పొడవు, లోపల మిగిలిపోయిన పాత పొగ, ఇవన్నీ కలిసి సిలిండర్ ఏ మేరకు నిండుతుందో నిర్ణయిస్తాయి. ఆ నిండుదనాన్ని శాతాలలో వ్రాసి ఉంచినదే ఇంధన పట్టిక. ఒక వైపు నిమిషానికి చుట్లు, మరొక వైపు మ్యానిఫోల్డు పీడనం, నడుమ గడులు. ఒక్కొక్క గడిలో 0 నుండి 255 వరకు గల ఒకే ఒక సంఖ్య. ఈ సంఖ్యలన్నీ 27సి256 అనే చిప్‌లో, 32 కిలోబైట్ల స్థలంలో, మిగిలిన కార్యక్రమంతో పాటు ఇమిడి ఉంటాయి. కంప్యూటర్ ఏ క్షణంలోనూ ఒక్క గడిని మాత్రమే చదవదు. చుట్టూ ఉన్న నాలుగు గడుల నడుమ తానున్న చోటికి తగిన విలువను తీసుకుంటుంది. కనుక ఒక గడిలోని అసత్యం పొరుగు గడులలోకి కూడా ప్రసరిస్తుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. ఈ పని చేసేవారిలో సగం మంది దానిని పట్టించుకోరని నా అభిప్రాయం. పట్టికలోని సంఖ్య ఆదేశం కాదు, వర్ణన. ‘నీవు ఇంత పెట్రోలు త్రాగుము’ అని అది ఇంజనును శాసించదు. ‘ఈ వేగంలో, ఈ పీడనంలో నీవు ఇంత గాలి పీలుస్తావు’ అని చెబుతుంది. ఆ గాలికి ఎంత పెట్రోలు కలపాలి, అందుకు ఇంజెక్టర్‌ను ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలి అన్నవి ఆ తరువాతి లెక్కలు. వాటికి వేరే సంఖ్యలు ఉన్నాయి. ఇంజను శ్వాస మారితే పట్టిక మారాలి. శ్వాస మారనప్పుడు పట్టికను ముట్టుకోరాదు.

మరి పట్టికలో తప్పుంటే బండి మెత్తగా ఎలా నడుస్తుంది? పొగ గొట్టంలో ఒక ఆక్సిజన్ సెన్సార్ ఉన్నది. కంప్యూటర్ దాని మాటను వింటూ క్షణక్షణమూ పెట్రోలును హెచ్చించి తగ్గించి సర్దుతుంది. స్వచ్ఛమైన పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండడానికి, బరువులో 14.7 పాళ్ళ గాలి కావాలి. పెట్రోలు పాలు తగ్గితే మెకానిక్కులు ‘లీన్’ అంటారు, హెచ్చితే ‘రిచ్’ అంటారు. లీన్ అయితే సెన్సార్ వోల్టేజి పడిపోతుంది, రిచ్ అయితే ఒక వోల్టు దరిదాపులకు పెరుగుతుంది, 0.45 వోల్టులు వాటి సరిహద్దు. ఇలా చేసిన సర్దుబాటు అలవాటుగా మారితే కంప్యూటర్ దానిని ‘బ్లాక్ లెర్న్’ అనే సంఖ్యగా జ్ఞాపకం ఉంచుకుంటుంది. ఆ సంఖ్య 128 వద్ద ఉంటే దిద్దుబాటు ఏమీ లేదని అర్థం. 140 ఉంటే, పట్టిక చెప్పినదాని కంటె తొమ్మిది శాతం అధికంగా పెట్రోలు పోయవలసి వచ్చిందని అర్థం.

డ్యాష్‌బోర్డు క్రింద ఉన్న సాకెట్టుకు తీగ తగిలించి, ఈ సంఖ్యలన్నిటినీ లాప్‌టాప్‌లోకి దింపుతూ నేనూ అమ్మాయీ పలుమార్లు ఊరి చుట్టూ తిరిగాము. ఆమె ఇంజనీరు కాదు, లెక్కల మనిషి. మూడవ రోజున అడిగింది:

“పెదనాన్నగారూ, ఒక గడి దగ్గర 140 చూపిస్తే, ఆ గడిని 140 బై 128తో గుణించేస్తే సరిపోదా? ఈ సాఫ్ట్‌వేర్ దానంతట అదే చేస్తుందట కదా.”

చేస్తుంది. లోకంలో అత్యధికులు చేసేదీ అదే. లెక్క నిర్దుష్టం. హేతువు మాత్రం సోపాధికం.

సెన్సార్‌కు తెలిసినది పెట్రోలు కాదు. పొగలో మిగిలిన ప్రాణవాయువు మాత్రమే. పెట్రోలు తగ్గితే పొగలో ప్రాణవాయువు మిగులుతుంది, అది నిజం. పొగలో ప్రాణవాయువు ఉన్నది గనుక పెట్రోలు తగ్గి ఉండాలన్నది మాత్రం తిరగవేసిన అనుమానం. దానికి రెండు ఉపాధులు ఉన్నాయి: సిలిండర్‌లో మంట పూర్తిగా రగిలి ఉండాలి, సిలిండర్ నుండి సెన్సార్ వరకు గల గొట్టంలో ఎక్కడా రంధ్రం ఉండకూడదు. ఒక ప్లగ్గు చెడి ఆ సిలిండర్‌లో మంటే పుట్టలేదనుకోండి. అక్కడి గాలి అంతా మండకుండా పొగలోకి వస్తుంది. సెన్సార్ ‘లీన్’ అంటుంది. కంప్యూటర్ మరింత పెట్రోలు పోస్తుంది. అప్పటికే పెట్రోలుతో తడిసి చల్లారిన ప్లగ్గు ఇంకా తడుస్తుంది. ఇక్కడ ఆర్ద్రేంధన సంయోగానికి లోటేమీ లేదు!

అమ్మాయి కొంతసేపు ఆలోచించి, “అయితే మన గొట్టంలో రంధ్రం లేదని మనకెలా తెలుసు?” అన్నది. ఆ ప్రశ్నతోనే అసలు పని ప్రారంభమయింది.

ఈ కారులోని చిప్ ఫ్యాక్టరీలో పెట్టినది కాదు. ఏళ్ళ క్రితం ఎవరో మార్చారు. ఎవరో మిత్రునికి గుర్తు లేదు. ఆ చిప్‌లోని పట్టికను ఫ్యాక్టరీ పట్టిక ప్రక్కన పరచి చూచాము. దాదాపు అన్ని గడులలోనూ సంఖ్యలు ఒకే నిష్పత్తిలో, సుమారు 14 శాతం తగ్గి ఉన్నాయి. ఇంజను ఖాళీగా తిరిగే ఐడిలింగ్ గడులు మాత్రం అంతగా తగ్గలేదు. అంటే తక్కిన వాటితో పోలిస్తే అవి ఎత్తుగా నిలబడి ఉన్నాయి. మైదానంలో మిట్టలాగా.

ఇంజను శ్వాస అన్ని వేగాలలోనూ ఒకే నిష్పత్తిలో తగ్గిపోదు. ఆ ఇంజను పొడవాటి ఇన్‌టేక్ గొట్టాలు నిమిషానికి 3000 చుట్ల ప్రాంతంలో బాగా పీల్చేందుకే నిర్మితమైనవి. అక్కడ 80 ఉండవలసిన చోట 69 ఉన్నదంటే, పట్టిక ఇంజనును గురించి కాక మరి దేనిని గురించో మాట్లాడుతున్నదన్నమాట. ఒక ఇంజెక్టర్ ఊడదీసి దాని మీది అంకెలు చదివితే సంగతి బయటపడింది. ఫ్యాక్టరీ ఇంజెక్టర్లు గంటకు 19 పౌండ్ల పెట్రోలు పోసేవి; ఇవి 22 పౌండ్లవి. ఆ మాట కంప్యూటర్‌కు చెప్పడానికి చిప్‌లో ప్రత్యేకమైన సంఖ్య ఒకటి ఉన్నది. దానిని ముట్టుకోకుండా, పట్టిక మొత్తాన్ని తగ్గించి వేశారు. 19ని 22తో భాగిస్తే 0.86. రెండు అసత్యాలు ఒకదానినొకటి రద్దు చేసుకొని బండి చక్కగా నడిచింది. రెండింటిలో ఏ ఒక్కటి సరిచేసినా చెడిపోతుంది.

ఇటువంటి పట్టికను చదవడం విచిత్రమైన అనుభవం. ఇంజనుకు ఎప్పుడెప్పుడు ఏమేమి జరిగిందో అంతా అందులో సంస్కార రూపంలో నిక్షిప్తమై ఉంటుంది. అయితే ఏది ఇంజను స్వభావమో, ఏది ఆగంతుకమో అది స్వయంగా చెప్పదు.

ఇంజెక్టర్ సంఖ్యను 22గా దిద్ది, ఫ్యాక్టరీ పట్టికను తిరిగి ప్రతిష్ఠించాము. పెట్రోలు విషయం కూడా ఇక్కడే ముగిస్తాను. నేడు ఇక్కడి బంకులలో అమ్మే పెట్రోలులో 10 శాతం ఇథనాల్ ఉంటుంది, దానికి 14.7 పాళ్ళ గాలి అక్కరలేదు, 14.1 చాలు. 1991 నాటి చిప్‌కు ఇది తెలియదు గనుక అంతటా సుమారు నాలుగు శాతం లీన్‌గా కనిపిస్తుంది. ఈ నాలుగు శాతాన్ని కూడా పట్టికలో కలిపేసేవారు ఉన్నారు. మారినది ఇంధనమే గాని ఇంజను శ్వాస కాదు. కనుక ఆ మార్పును లక్ష్య మిశ్రమం తెలిపే సంఖ్యలో వ్రాశాము.

అప్పుడు ఆ ‘మిట్ట’ తన నిజరూపం చూపింది. రోడ్డు మీద నిలకడగా పోయేటప్పుడు బ్లాక్ లెర్న్ 129, 130. ఐడిలింగ్‌లో 150. ఒక్కచోట మాత్రమే పదిహేడు శాతం లోటు. మ్యానిఫోల్డు గొట్టాలలో ఎక్కడో గాలి చొరబడుతున్నదని కొందరు అంటారు. గాలిని నేరుగా తూచే పాత పద్ధతిలో అది సమంజసం, ఎందుకంటే అక్కడ దొంగగాలి తూకానికి రాదు. ఈ పద్ధతిలో చొరబడిన గాలి కూడా పీడనాన్ని పెంచుతుంది, కంప్యూటర్ దానినీ లెక్కలోకి తీసుకుంటుంది; ఐడిలింగ్ వేగం పెరుగుతుందే గాని మిశ్రమం లీన్ కాదు. కనుక గాలి లోనికి వచ్చే దారిలో వెదకి లాభం లేదు, పొగ బయటికి పోయే దారిలో వెదకాలి.

పొగ ఒక ధారగా పోదు, తెరలు తెరలుగా పోతుంది. ఒక తెరకూ మరొక తెరకూ నడుమ గొట్టంలో పీడనం బయటి గాలి కంటె తగ్గుతుంది. ఆ క్షణంలో చిన్న సందు ఉన్నా బయటి గాలి లోనికి పీల్చబడుతుంది. ఐడిలింగ్‌లో పొగ తక్కువ గనుక ఆ కొద్దిపాటి గాలే సెన్సార్‌ను మోసం చేస్తుంది. వేగంగా పోయేటప్పుడు పొగ వెల్లువలో అది లెక్కకు రాదు. మా సంఖ్యల పోకడ అచ్చంగా ఇదే. మరునాటి ఉదయం చలిలో ఇంజను వేయగానే అమ్మాయి బానెట్ మీదికి వంగి, “టిక్ టిక్‌మంటున్నది, వినండి” అన్నది. ఇనుము వేడెక్కి వ్యాకోచించగానే ఆ శబ్దం ఆగిపోయింది. సెన్సార్ ఉన్న వైపు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు గాస్కెట్ కాలిపోయి ఉన్నది.

మిషిగన్ రోడ్ల మీద శీతకాలమంతా ఉప్పు చల్లుతారు. ముప్పై ఏళ్ళ ఉప్పు తిన్న బోల్టులు ఎలా ఉంటాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. రెండు రాత్రులు నూనె పోసి నానబెట్టాము. అయినా ఒక బోల్టు తల విరిగింది. లోపల మిగిలిన ముక్కను డ్రిల్లు చేసి తీయడానికి ఒక పూట పట్టింది. కొత్త గాస్కెట్ వేసి ఇంజను వేడెక్కే దాకా ఆగి చూస్తే, ఐడిలింగ్‌లో 150 ఉన్నది 131 అయింది. పట్టికలో ఒక్క గడి కూడా మార్చలేదు.

“గుణించేసి ఉంటే?” అన్నది అమ్మాయి. గుణించేసి ఉంటే ఐడిలింగ్‌లో పదిహేడు శాతం అదనపు పెట్రోలు త్రాగుతూ, సెన్సార్ దృష్టిలో నిర్దోషిగా, ప్లగ్గులకు మసి పట్టిస్తూ డెన్వర్ దాకా పోయేది. పూర్వం ఆ మిట్టను కట్టినవారు చేసినది ఇదే.

ఇంతవరకు జరిగినది ప్రాణాంతకం కాదు. అసలు భయం వేరే చోట ఉన్నది.

యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఈ కంప్యూటర్ సెన్సార్ మాట వినడం మానివేస్తుంది. అప్పుడు కావలసినది పొదుపు కాదు, రక్షణ. అధికభారం క్రింద మంట చల్లగా ఉండడానికి మిశ్రమాన్ని 12.5 ప్రాంతానికి రిచ్ చేస్తారు. ఆ ప్రాంతంలో పాత సెన్సార్‌కు చూపు ఆనదు. కనుక ఎంత పెట్రోలు పోయాలో పట్టికే చెప్పాలి, దిద్దేవారు లేరు. నిత్యజీవితంలో ప్రతి తప్పునూ వెనువెంట సరిదిద్దే సహాయకుడు, భారం గరిష్ఠంగా ఉన్నప్పుడు ప్రక్కకు తొలగిపోతాడు. ఊరిలో మెత్తగా నడిచిందన్న ప్రమాణం ఈ చోటికి వర్తించదు. ఇక్కడ లీన్ అయితే ఇంజను నాకింగ్ మొదలవుతుంది. అది సాగితే పిస్టన్ కరిగి రంధ్రం పడుతుంది. ఒంటరిగా కొండ ఎక్కుతున్న పిల్లకు అది జరగరాదు.

అందుకని సైలెన్సర్‌కు ముందు గొట్టంలో వైడ్‌బ్యాండ్ సెన్సార్ బిగించాము. ఇది 10 నుండి 20 వరకు ఏ మిశ్రమాన్నయినా కొలుస్తుంది. హైవే ఎక్కే వంపులో తొక్కి చూస్తే 12.5 ఉండవలసిన చోట 13.7 చూపింది. నాకింగ్ సెన్సార్ మౌనంగా స్పార్కును ఆరు డిగ్రీలు వెనక్కు లాగుతున్నట్లు లాప్‌టాప్‌లో నమోదయింది. లోపల కూర్చున్న మాకు తెలిసినదల్లా బండి కొంచెం బద్ధకంగా ఉన్నదని మాత్రమే.

తొమ్మిది శాతం లోటు. పట్టికలో పై వరుసలను తొమ్మిది శాతం పెంచితే సరిపోయేది. అయితే ఇంజను ఇక్కడ తొమ్మిది శాతం ఎక్కువ గాలి పీలుస్తున్నదని నమ్మడానికి ఏ హేతువూ లేదు. పీడనం కొలిచే గేజిని ఇంధన గొట్టానికి తగిలించి, దాని ముఖాన్ని ముందు అద్దానికి టేపుతో అతికించి మళ్ళీ తొక్కాము. ఐడిలింగ్‌లో, రెగ్యులేటర్‌కు వెళ్ళే వాక్యూమ్ గొట్టం ఊడదీసి కొలిస్తే 43 పౌండ్లు నిక్కచ్చిగా ఉన్న పీడనం, పూర్తిగా తొక్కిన నాలుగైదు క్షణాలకు 36కు జారింది. ఇంజెక్టర్ పోసే పెట్రోలు పీడనపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. 36ని 43తో భాగించి వర్గమూలం తీస్తే 0.91. ఆ తొమ్మిది శాతం అక్కడ ఉన్నది. ట్యాంకులోని పంపు ముసలిదయి, కొద్దిపాటి పెట్రోలు కావలసినప్పుడు ఇవ్వగలుగుతున్నది, ఎక్కువ కావలసినప్పుడు ఇవ్వలేకపోతున్నది.

ఈ బండిలో పంపు మార్చాలంటే ట్యాంకు దించాలి. అదొక రెండు రోజుల యాతన, దానిని వర్ణించను. మిత్రుడు ఆ రెండు రోజులూ క్రింద పడుకొని మాతో పాటు పని చేశారు. మాటలు తక్కువ. కొత్త పంపు వేసిన తరువాత పూర్తిగా తొక్కితే 12.6. స్పార్కు ఒక్క డిగ్రీ కూడా వెనుదీయలేదు.

అప్పటికి గాని పట్టికను సరిచేసే అర్హత మాకు రాలేదు. మిగిలినవి చిన్న చిన్న తేడాలు, రెండు మూడు శాతాలు. వాటికి అమ్మాయి చెప్పిన గుణకారమే పద్ధతి. నియమాలు మాత్రం ఉన్నాయి. వేగమూ పీడనమూ నిలకడగా ఉన్న క్షణాలను మాత్రమే గ్రహించాలి, తొక్కిన క్షణాలనూ వదిలిన క్షణాలనూ త్రోసివేయాలి. ఇంజను పూర్తిగా కాగి ఉండాలి. బండిని ఆపి మళ్ళీ వేసిన తొలి నిమిషాలను నమ్మరాదు, ఎందుకంటే గాలి ఉష్ణోగ్రతను కొలిచే సెన్సార్ ఇన్‌టేక్ గదికి అంటుకొని ఉండి, గాలిది కాక ఆ లోహపు వేడి చెబుతుంది. బ్లాక్ లెర్న్ గడులు పదహారే. పట్టిక గడులు వాటికి ఎన్నో రెట్లు. ఒక పెద్ద గడి సగటు 128 ఉన్నంత మాత్రాన దాని క్రింది చిన్న గడులన్నీ సరి అని కాదు, ఒకటి ఐదు ఎక్కువై మరొకటి ఐదు తక్కువై ఉండవచ్చును. సరిచేసిన ప్రతిసారీ, చెప్పినదానిలో సగమే మార్చి మళ్ళీ నడిపి చూచాము.

కొండ సంగతి మిగిలింది. మా ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే మ్యానిఫోల్డు పీడనం 98 కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది. డెన్వర్ 1600 మీటర్లు. అక్కడ నుండి పడమరగా ఐ-70 మీద పోతే ఐసెన్‌హోవర్ సొరంగం 3400 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ గాలి పీడనమే 67 కిలోపాస్కల్. ఎంత తొక్కినా అంతకు మించి రాదు. అంటే ఇక్కడ మేము అర్ధభాగం తొక్కినప్పుడు క్షణకాలం దాటిపోయే 65, 70 వరుసల గడులలో, 3600 చుట్ల దగ్గర, ఆ బండి అక్కడ నిమిషాల తరబడి పూర్తి భారంతో నివసిస్తుంది. మా చదునైన నేల మీద ఆ గడులలో అంతసేపు నిలవాలంటే చలానా తప్పదు.

డైనమోమీటర్‌ను రెండు గంటలు అద్దెకు తీసుకున్నాము. చక్రాలను రోలర్ల మీద నిలిపి, భారం పెట్టి, 3600 చుట్లు 70 కిలోపాస్కల్ వద్ద బండిని కట్టివేసినట్లు నిలబెట్టవచ్చును. అక్కడ పాదం సగమే తొక్కి ఉన్నది గనుక కంప్యూటర్ ఇంకా సెన్సార్ మాట వింటున్నది, మిశ్రమం 14.1. కొండ మీద అదే గడిలో పాదం పూర్తిగా తొక్కి ఉంటుంది, మిశ్రమం 12.5. “ఇక్కడ 14.1తో నేర్చుకున్నది అక్కడ 12.5కు పనికి వస్తుందా?” అని అమ్మాయి అడిగినప్పుడు నాకు సంతోషం కలిగింది. పట్టికలో ఉన్నది పెట్రోలు అయితే పనికిరాదు. అందులో ఉన్నది శ్వాస గనుక పనికి వస్తుంది. ఇంజెక్టర్ల మాట, ఇథనాల్ మాట, గాస్కెట్ మాట, పంపు మాట ఆ గడిలో కలిసి ఉంటే, ఈ చోట నేర్చిన సంఖ్య ఆ చోట అబద్ధమయ్యేది.

జూన్ మొదటి వారంలో ఆమె బయలుదేరింది. మిత్రుడు నాలుగు రోజులు ఫోను చేతిలోనే పట్టుకొని కూర్చున్నారు. మూడు వారాల తరువాత ఆమె సొరంగం దాకా ఎక్కి, ఆ ప్రయాణం మొత్తాన్ని నమోదు చేసి ఫైలు పంపింది. 66 నుండి 68 కిలోపాస్కల్, 3400 నుండి 3800 చుట్లు. మిశ్రమం 12.8. నాకింగ్ సున్న. క్రింద ఇలా వ్రాసింది: “పెదనాన్నగారూ, రెండు శాతం తక్కువ వస్తున్నది. ఇది పట్టికలో వ్రాయవచ్చునా, లేక ఇది కూడా ఉపాధియేనా?”

వ్రాయవచ్చును. పైన బయటి గాలి పలుచన గనుక పొగ సులువుగా వెలుపలికి పోతుంది. సిలిండర్‌లో పాత పొగ తక్కువగా మిగులుతుంది, ఆ మేరకు కొత్త గాలి అధికంగా చేరుతుంది. అదే పీడనంలో, అదే వేగంలో, ఇంజను నిజంగానే ఎక్కువ పీలుస్తున్నది. మారినది శ్వాసే. ఆ బండి నివాసం ఇప్పుడు అక్కడే గనుక, ఆ వరుసలలో పై వేగపు గడులు ఆరింటిని రెండు శాతం చొప్పున పెంచాను. పాత చిప్‌లలో ఒకదానిని అతినీలలోహిత దీపం క్రింద ఇరవై నిమిషాలు ఉంచి చెరిపి, కొత్త పట్టిక ఎక్కించి, గాజు కన్ను మీద కాగితం అతికించి, దాని మీద ‘డెన్వర్’ అని వ్రాసి తపాలాలో వేశాను. ఎన్ని రోజులలో అందుతుందని మిత్రుడు అడిగారు. నాలుగు రోజులన్నాను.